అక్కకు రాయని ఒక్క మాట

అక్క ఉత్తరం వచ్చేసరికి నాన్న ఇంట్లో లేడు. పటమటలో ఎవరో కొత్తగా కట్టుకుంటున్న ఇంటికి నీళ్ళ పైపులు వేస్తున్నాడు. పోస్టుమాన్ దగ్గర తీసుకుని నేనే విప్పాను. మా ఇంట్లో ఉత్తరాలు చదవగలిగేదాన్ని నేనొక్కదాన్నే. నాన్నకు సంతకం వరకే వచ్చు. అమ్మ బైబిల్లో అచ్చక్షరాలు కూడబలుక్కుని చదివేది గాని, చేతిరాత చూస్తే ఆమెకు తల తిరిగేది.

డెబ్బైల మధ్యలో సంగతి ఇది. అక్క అప్పటికి మిలిటరీ ఆసుపత్రిలో నర్సు. ఉత్తరాదిన కొండల మీద ఎక్కడో ఒక ఊళ్ళో వేశారు. ఉత్తరం రావడానికి తొమ్మిది రోజులు పట్టేది.

"ఇక్కడ పంపులు గడ్డ కట్టుకుపోతున్నాయి," అని రాసింది అక్క. "పొద్దున్నే తిప్పితే ఒక్క చుక్క రాదు. మధ్యాహ్నం కాస్త ఎండ తగిలాక గురగురమని చప్పుడు చేసి, అప్పుడు వస్తాయి. పక్క క్వార్టర్లో సిస్టర్లు బకెట్లోకి మంచు ఎత్తి, కుంపటి మీద కరగబెట్టి ముఖం కడుక్కుంటున్నారు. మంచు పడుతుంటే ఎంత బావుంటుందో చెప్పలేను. పైపులకి ఏం చెయ్యాలో నాన్నని అడిగి రాయి. నాన్నకి తెలియని పైపు ఉండదు కదా."

పాపం అక్క, నీళ్ళకి ఎంత అవస్థ పడుతోందో అని నాకు అనిపించలేదు. కష్టాలు కూడా ఈమెకే గొప్పవి వస్తాయి అనుకున్నాను. మా కష్టం ఏముంది? మునిసిపాలిటీ పంపు తెల్లవారుజామున గంటసేపు వస్తుంది, బిందెలు వరసలో పెట్టుకోవాలి, వరస తప్పితే వీధిలో పోట్లాట. అది ఎవరికి రాస్తాం? గడ్డకట్టిన నీళ్ళను నేను సోడా బండి మీద, గోనెసంచిలో, ఊకపొట్టు అంటుకుని ఉండగా మాత్రమే చూశాను. అక్క దాన్ని బకెట్లతో ఎత్తుకుంటోంది.

ఈ కుళ్ళు ఆ రోజు పుట్టింది కాదు. అక్క నాకంటే రెండేళ్ళు పెద్దది. ఇద్దరం నర్సు ట్రైనింగుకి వెళ్ళాలనుకున్నాం. ఆమె ఒక్కసారికే పాసై వెళ్ళింది. నేను సైన్సు పేపరు రెండుసార్లు తప్పాను. ఆమె యూనిఫాం వేసుకుని, భుజాల మీద నక్షత్రాలతో తీయించుకున్న ఫోటో ఒకటి పంపితే, నాన్న దానికి గాజుపలక కట్టించి, ముందుగదిలో యేసుప్రభువు పటం పక్కనే తగిలించాడు. మంచినీళ్ళ కోసం గుమ్మంలోకి వచ్చినవాళ్ళని కూడా లోపలికి పిలిచి చూపించేవాడు.

నేను మాత్రం నాన్న వెంట పనికి వెళ్ళేదాన్ని. పైపు రెండో చివర పట్టుకోవడంతో మొదలుపెట్టి, పైపు కొసలకి మరలు కోయడం, జాయింటుకి జనపనార చుట్టి బిగించడం దాకా నేర్చుకున్నాను. నేను బిగించిన జాయింటు కారిందని ఎవరూ అనలేదు. కానీ ఎవరైనా వస్తున్నారంటే నాన్న నా చేతిలో సామాను తీసుకుని, "లోపలికెళ్ళి అమ్మగారి దగ్గర కూర్చో," అనేవాడు. పెళ్ళి కావలసిన పిల్ల పైపులు బిగిస్తోందని నలుగురికీ తెలిస్తే బావుండదని ఆయన భయం. అక్క పని గోడ మీద తగిలించాడు, నా పని దాచిపెట్టాడు. ఈ లెక్క నేను రోజూ వేసుకునేదాన్ని.

సాయంత్రం నాన్న వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక ఉత్తరం చదివాను.

"మళ్ళీ చదువు," అన్నాడు.

చదివాను.

"పైపులో నీళ్ళు గడ్డ కట్టడమేంటి?" అన్నాడు. కాసేపటికి, "కట్టినా కరుగుతాయి కదా. దానికి అంత భయం దేనికి?" అని తనే అన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా బెజవాడలో పైపుల పని చేస్తున్నవాడు. తనకు తెలియని సంగతి పైపుల్లో ఒకటి ఉందని, అదీ కూతురు అడిగితే బయటపడిందని ఆయనకు చిన్నతనంగా ఉంది.

మర్నాడు పనికి వెళ్ళలేదు. "పద, ఐస్ ఫ్యాక్టరీకి వెళ్దాం," అన్నాడు. కాలవ గట్టు పక్కన ఉన్న ఆ ఫ్యాక్టరీలో పైపులు చెడితే నాన్నే బాగుచేసేవాడు. అక్కడ మిషను చూసుకునే మేస్త్రీ, ఎండాకాలంలో కూడా మెడకి మఫ్లర్ చుట్టుకుని ఉండే ముసలాయన, నాన్నకు స్నేహితుడు.

నాన్న చెప్పిందంతా విని ఆయన నవ్వాడు. "అదేంటి మేస్త్రీ, నీళ్ళు గడ్డకడితే పొంగుతాయని తెలీదా నీకు? డబ్బా నిండా పోశామంటే అడుగు ఉబ్బిపోద్ది. అందుకే కాస్త వెలితి ఉంచుతాం."

"పైపులో వెలితి ఎక్కడుంటుంది?" అన్నాడు నాన్న.

"మరి చూసుకో."

నాన్న చూసుకోవాలనే నిశ్చయించుకున్నాడు. మూరెడు పొడుగున రెండు పైపు ముక్కలు కోశాం. మరలు నేనే కోశాను. రెండింటి నిండా నీళ్ళు పోసి, ఒకదానికి రెండు వైపులా మూతలు బిగించాం. రెండోదానికి అడుగున మాత్రం బిగించి, పైన వదిలేశాం. ఐసు డబ్బాలు దించే ఉప్పునీళ్ళ తొట్టిలో రెండింటినీ తాడుతో నిలువుగా వేలాడదీశాం. చెక్కమూతల సందుల్లోంచి వచ్చే చలికి నా వేళ్ళు కొంకర్లు పోయాయి. అక్క చలి ఇలాగే ఉంటుందా అనుకుని, ఆ తొట్టి మీద చెయ్యి ఉంచి కాసేపు అలాగే నిలబడ్డాను.

మర్నాడు మధ్యాహ్నం తీసి చూస్తే, రెండు వైపులా మూసిన పైపు అతుకు వెంట నిలువునా చీలిపోయి ఉంది. చీలికలోంచి తెల్లటి ఐసు పెదవుల్లా బయటికి వచ్చింది. పైన వదిలేసిన పైపు చెక్కుచెదరలేదు. దాని నోట్లోంచి ఐసు వేలెడంత పైకి పొడుచుకు వచ్చింది, అంతే.

నాన్న ఆ రెండు ముక్కల్నీ తుండుగుడ్డలో చుట్టుకుని ఇంటికి తెచ్చాడు. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. ఆయన్ని అంత సంతోషంగా నేను చాలా రోజులుగా చూడలేదు. "చూశావా, దానికి పోవడానికి దారి ఉండాలి. దారి ఇస్తే పైపుని ఏం చెయ్యదు," అన్నాడు. ఆ మరలు కోసింది నేను. పైపులు దించింది నేను. ఆయన సంతోషమంతా మాత్రం అక్కకి రాయబోయే ఉత్తరం గురించి.

ఇంటికి రాగానే కాగితం, కలం తెమ్మన్నాడు. నేను మామూలుగా "ప్రభువు నామమున వందనములు" అని మొదలుపెట్టాను. ఆయన చెబుతుంటే రాశాను. పైపు బయట కనిపించేంత మేర గోనెపట్టా రెండు వరసలు చుట్టి తాడుతో కట్టమన్నాడు. గోడకీ పైపుకీ మధ్య సందుంటే గుడ్డలు కుక్కమన్నాడు. గడ్డ కట్టినప్పుడు నిప్పు పెట్టొద్దని, వేడినీళ్ళలో ముంచిన గుడ్డ వెయ్యమని చెప్పాడు.

"ఇప్పుడు ముఖ్యమైంది రాయి," అన్నాడు. "పడుకునే ముందు పంపు బిగించెయ్యకు. చుక్కలు పడేలా కాస్త వదిలిపెట్టు. ఎంత చలైనా సరే బిగించొద్దు. ఎందుకో కూడా రాయి. ఆమెకి ఒకసారి చెబితే చాలు, చదువుకున్న పిల్ల. నీకులాగా పదిసార్లు చెప్పక్కర్లేదు."

ఆయన దురుద్దేశంతో అన్న మాట కాదది. చీలిన పైపు వంకే చూస్తూ, ఆ ఊపులో అన్నాడు. కానీ మధ్యాహ్నం నుంచి నా వేళ్ళు చలికి ఎర్రబడి మండుతున్నాయి. కలం కాగితం మీద ఆగింది. తర్వాత కదిలింది. "ఇక్కడ మేమందరం క్షేమం. క్రిస్మసుకి కొత్త బట్టలు ఇంకా కుట్టించలేదు," అని రాశాను.

"రాశావా?"

"రాశాను."

"ఒకసారి చదువు."

చదివాను. గోనెపట్టా, గుడ్డలు, వేడినీళ్ళు. ఆ తర్వాత కాగితం మీద లేని మాటను, ఆయన చెప్పింది చెప్పినట్టు, పంపు కాస్త వదిలిపెట్టు, ఎంత చలైనా సరే బిగించొద్దు అని, తడుముకోకుండా చదివాను. నాన్న తల ఊపాడు. నేనే వెళ్ళి ఉత్తరం డబ్బాలో వేసి వచ్చాను.

ఏం జరుగుతుందనుకున్నానో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. పైపు పగులుతుందని అనుకున్నానా అంటే అనుకున్నాను. ఆమె తెల్లబట్టలు తడుస్తాయి, అధికారులు చీవాట్లు పెడతారు, నాన్న చెప్పినా సరిగ్గా చెయ్యలేదని ఇంట్లో ఒకసారైనా ఆమె గురించి అంటారు. అంతవరకే చూశాను. అంతకు మించి ఊహ వెళ్ళలేదు.

క్రిస్మసుకి అక్క నుంచి కార్డు రాలేదు. ఆ తర్వాత వారానికి ఒక ఉత్తరం వచ్చింది. చేతిరాత వేరు, పక్క క్వార్టర్లో సిస్టర్ ఎవరో ఇంగ్లీషులో రాసింది. ఒక్కో మాటకీ అర్థం చెబుతూ చదివాను. చలి బాగా ముదిరిన ఒక రాత్రి అక్క క్వార్టర్లో పైపు చీలింది. మధ్యాహ్నం ఎండకి ఐసు కరిగి నీళ్ళన్నీ మెట్ల మీదికి పారాయి. సాయంత్రానికి అవి మళ్ళీ గడ్డ కట్టాయి. మర్నాడు పొద్దున డ్యూటీకి బయల్దేరుతూ అక్క మొదటి మెట్టు మీదే జారిపడింది. కుడిచేతి మణికట్టు విరిగింది. సిమెంటు కట్టు వేశారు. సెలవిచ్చి ఇంటికి పంపుతున్నారు.

అమ్మ ఏడ్చింది. నాన్న ఏడవలేదు. "గోనెపట్టా చుట్టలేదా?" అన్నాడు.

"చుట్టిందట. అందులోనే రాశారు."

"పంపు వదిలిపెట్టలేదా?"

"అది రాయలేదు."

ఆయన గోడకి ఆనించి ఉన్న ఆ రెండు పైపు ముక్కల్ని తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "మన తొట్టిలో చలి వేరు, అక్కడి చలి వేరు," అన్నాడు చాలాసేపటికి. "నేను తొట్టి చలి చూసి చెప్పాను. పిల్ల నా మాట నమ్మింది."

తర్వాతి మూడు వారాలు ఆ ఇంట్లో ఎలా ఉన్నానో చెప్పడం కష్టం. నాన్న రెండుసార్లు ఐస్ ఫ్యాక్టరీకి వెళ్ళి మళ్ళీ పైపులు దించి చూశాడు. పనిలో తన చేతిమీద నమ్మకం పోయినట్టు బిగించిన జాయింటునే మళ్ళీ విప్పి బిగించేవాడు. కంచంలో అన్నం సగం వదిలేసేవాడు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది. ఈలోగా ఆయన, "అంత చదువుకున్న పిల్ల, నా వల్ల చెయ్యి విరగ్గొట్టుకుంది," అనేవాడు. ఆ "చదువుకున్న పిల్ల" అన్న మాట వినగానే నా నోరు మూతపడేది. తప్పు చేసింది నేనే, అయినా కుళ్ళు తగ్గలేదు. విరిగిన చేత్తో కూడా ఆయన ధ్యాసంతా ఆమే ఆక్రమించుకుందనిపించేది.

అక్క వచ్చింది. చేతికి కట్టు, మెడలోంచి గుడ్డ ఉయ్యాల. చర్చి సంఘం వాళ్ళంతా బత్తాయిలు, బిస్కట్లు పట్టుకుని చూడడానికి వచ్చారు. తలదువ్వడం, అన్నం కలిపి పెట్టడం నా పని. అందరూ ఆమె చుట్టూ కూర్చుని మంచు గురించి అడుగుతుంటే నేను వంటింట్లో వాళ్ళకి టీ కాచేదాన్ని.

మూడో రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర నాన్న ఇక ఉండలేక అడిగాడు. "అమ్మాయ్, పడుకునేముందు పంపు వదిలిపెట్టడం కుదర్లేదామ్మా?"

"వదిలిపెట్టడమేంటి నాన్నా?" అంది అక్క. "నువ్వలా ఎప్పుడు..."

నేను అక్కకి అన్నం ముద్ద అందిస్తున్నాను. నా చెయ్యి ఆగిపోయింది. ఆమె నా ముఖంలోకి చూసింది. ఎంతోసేపు కాదు. తర్వాత నాన్న వైపు తిరిగి, "ఆ, మర్చిపోయాను నాన్నా. నాదే పొరపాటు," అంది.

సాయంత్రం పెరట్లో ఆమె తల దువ్వుతున్నాను. అమ్మ ప్రార్థన కూటానికి వెళ్ళింది.

"ఆ ఉత్తరం నా పెట్టెలో ఉంది," అంది అక్క. "పైపు సంగతి రాస్తూ రాస్తూ మధ్యలో కొత్త బట్టల గురించి రాశావు. అప్పుడే అనుకున్నాను, ఇదేంటి నాన్న ఇలా చెప్పడే అని. కావాలనే చేశావా?"

"కావాలనే."

"ఎందుకే?"

చెప్పాను. ఫోటో గురించి, గాజుపలక గురించి, ఎవరైనా వస్తే నా చేతిలో రెంచి లాక్కోవడం గురించి, పదిసార్లు చెప్పాలన్న మాట గురించి. చెబుతుంటే అవన్నీ ఎంత చిన్నవిగా వినిపించాయో. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

"చెయ్యి విరిగితే విరిగింది, అతుక్కుంటుంది," అంది. "ఆయన మూడు వారాలుగా అన్నం తినడంలేదని అమ్మ చెప్పింది. అది చూస్తూ ఎలా కూర్చున్నావే నువ్వు? నేను అబద్ధం ఆడింది నీకోసం కాదు, కంచం ముందు ఆయన బాధపడకూడదని. నువ్వే చెప్పాలి. నేను చెప్పను."

నేను దువ్వడం ఆపేశాను. దువ్వెన తలలోనే ఉంది.

"ఇంకోటి విను," అంది. "మంచు ఎంత బావుంటుందో అని రాశాను చూడు. అక్కడ నా వేళ్ళన్నీ పగిలి నెత్తురు కారేది. రగ్గు కింద ముడుచుకుని ఏడ్చేదాన్ని. అది రాయలేదు. బావుందని రాశాను. ఎందుకో తెలుసా? నువ్వు చదువుతావని. నాన్న పక్కన కూర్చుని, అమ్మ చేతి వంట తింటూ చదువుతావని. చదివి నన్ను చూసి కుళ్ళుకుంటావని."

నేను ఆమె జడ అల్లడం పూర్తిచేశాను.

రెండు రోజులు జంకాను. మూడో రోజు నాన్నతో ఆటోనగర్లో ఒక షెడ్డుకి పనికి వెళ్ళినప్పుడు, ఆయన పైపుకి మర కోస్తుండగా చెప్పేశాను. పంపు వదిలిపెట్టమన్న మాట ఉత్తరంలో రాయలేదని, రాసినట్టు చదివానని.

ఆయన చేతులు ఆగలేదు. మర పూర్తిగా దిగేదాకా తిప్పి, నూనె తుడిచి, పైపు కింద పెట్టాడు.

"అయితే నేను చెప్పింది సరైందే," అన్నాడు ముందు. ఆ క్షణం ఆయన ముఖం తేటపడింది. ఆ తర్వాత నా వైపు చూశాడు. తిడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. "ఇంటికెళ్ళు," అన్నాడు.

ఆ రోజు నుంచి నన్ను పనికి పిలవలేదు. అక్క ఆసుపత్రికి సెలవు పొడిగించమని ఉత్తరం రాయించాల్సి వస్తే, చర్చి బళ్ళో పాఠం చెప్పే పంతులమ్మ గారింటికి కాగితాలు పట్టుకుని వెళ్ళాడు. నేను వాకిట్లో కూర్చుని ఆయన తిరిగి వచ్చేదాకా చూశాను. ఆ పంతులమ్మ గారి చేతిరాత కోడి గీకినట్టు ఉండేది. ఆమె మీద నాకు కలిగిన ఉక్రోషం అక్క మీద కూడా ఎప్పుడూ కలగలేదు.

అక్క కట్టు విప్పాక, ఇంకో పది రోజుల్లో ప్రయాణం ఉందనగా, నాన్న ఒక సాయంత్రం చిన్న చెక్కపెట్టె తెచ్చి పెరట్లో పెట్టాడు. అందులో పైపు ముక్కలు, రెండు వాల్వులు, జనపనార ఉన్నాయి. అక్క క్వార్టర్లో పైపు మొదట్లో ఒక వాల్వు బిగించాలి, అన్నిటికంటే పల్లంగా ఉన్నచోట ఇంకొకటి. పడుకునేముందు మొదటిది కట్టేసి, రెండోది విప్పితే పైపులో నీళ్ళన్నీ కారిపోతాయి. ఖాళీ పైపులో గడ్డ కట్టడానికేమీ ఉండదు. ఇన్ని రోజులూ కూర్చుని ఆలోచించింది అదన్నమాట.

"ఇది బిగించడం మీ అక్కకి నేర్పు," అన్నాడు నాతో. నెలన్నర తర్వాత నాతో అన్న మొదటి మాట అదే. "నా భుజం లేవడంలేదు." ఆయన భుజానికి ఏమీ కాలేదని నాకు తెలుసు.

వారం రోజులు నేర్పాను. అక్కకి ఆ పని అస్సలు చేతకాలేదు. మర అడ్డంగా ఎక్కించేది. జనపనార తిరగేసి చుట్టేది. మణికట్టు నొప్పిపుట్టి మధ్యలో కూర్చుండిపోయేది. ఒకే సంగతి పదిసార్లు చెప్పవలసి వచ్చింది. పదిసార్లూ చెప్పాను. నిజం చెప్పాలంటే ఎంతో హాయిగా ఉంది. ఆమె తప్పు చేసినప్పుడల్లా నాన్న కూర్చున్న వైపు చూసేదాన్ని, ఆయన చూశాడా లేదా అని. ఏడో రోజున ఆమె ఒక్కతే బిగించింది. నీళ్ళు పోసి చూస్తే చుక్క కారలేదు. నాన్న లేచి వచ్చి జాయింటు మీద వేలితో రాసి చూసి, "బావుంది," అన్నాడు. ఆ మాట ఎవరి గురించో అడగలేదు నేను.

మర్నాటి నుంచి మళ్ళీ పనికి వెళ్ళాను. పిలవలేదు, నేనే సామాను ఎత్తుకుని వెనక నడిచాను. ఆయన వద్దనలేదు.

ఆ ఏడాది చలికాలం మధ్యలో అక్క ఉత్తరం వచ్చింది. తన క్వార్టర్లో పైపు గడ్డ కట్టలేదట. అది చూసి పక్కవాళ్ళు అడిగితే వాళ్ళకీ బిగించిందట. ఆ తర్వాత నర్సులందరికీ పెద్ద అయిన మేట్రన్ గారింట్లో కూడా బిగిస్తే, ఆవిడ అందరి ముందూ పొగిడి, టీకి పిలిచి కేకు పెట్టిందట. నాన్న ఆ ముక్క మూడుసార్లు చదివించుకున్నాడు. వీధిలోకి వెళ్ళి ఇద్దరు ముగ్గురికి చెప్పి వచ్చాడు.

నాకు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. నేను నేర్పిన పని, ఆమె తిన్న కేకు. మూడో రోజు అన్నం తిన్నాక కాగితం తీసుకుని కూర్చున్నాను. మేట్రన్ గారింట్లో పైపు అరంగుళందా, ముప్పావుదా, దానికి వాల్వు ఏ మూల పెట్టావు, బొమ్మ వేసి పంపు అని రాశాను.